కారణం తెలియని బ్రెయిన్ స్ట్రోక్ వచ్చాక గుండెలోని రంధ్రం మూయించుకోవాలా?

అందరికీ అక్కర్లేదు. గుండె కుడి, ఎడమ పై గదుల మధ్య ఉండి, పుట్టాక మూసుకుపోవాల్సిన ఈ దారి, పీఎఫ్ఓ (పేటెంట్ ఫొరామెన్ ఒవాలె), నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు; చాలామందికి దానివల్ల ఏ హానీ ఉండదు. కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ, ముక్కినప్పుడో దగ్గినప్పుడో అందులోంచి ఎడమవైపుకు దాటి మెదడుకు చేరితేనే చిక్కు.

2017లో వెలువడిన క్లోజ్, రెడ్యూస్, రెస్పెక్ట్ ట్రయల్స్ ప్రకారం 60 ఏళ్లలోపువారిలో, ముఖ్యంగా బబుల్ టెస్టులో (సిరలోకి బుడగలున్న సెలైన్ ఎక్కించి ఎకోలో చూసే పరీక్ష) బుడగలు ఎక్కువగా దాటేవారిలో, మూస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు తగ్గుతుంది. వేరే కారణం లేదని తేల్చుకోవడానికి ముందు మెడ రక్తనాళాలు, రోజుల తరబడి గుండె లయ చూడాల్సిందే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) బయటపడితే రంధ్రం మూసి లాభం లేదు, రక్తం గడ్డకట్టనివ్వని మందే దిక్కు.

తొడ సిరలోంచి గొట్టం పంపి రంధ్రాన్ని రెండువైపులా మూసే నిటినాల్ (నికెల్-టైటానియం లోహం) జంట డిస్కులు అమరుస్తారు. తర్వాత కొన్ని నెలలు ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మందులు వాడాలి. తొలి వారాల్లో దడ వస్తే ఈసీజీ తీయించాలి; లయ తప్పడం ఈ చికిత్సకున్న అసలు ఇబ్బంది.