గుజ్జు ఎగుమతికి డాలర్ అప్పు తీసుకోవచ్చా? – సమాధానం

అన్నా, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వడ్డీ తక్కువని డాలర్లలో అప్పు తీసుకోవచ్చా అన్నారు కదా. ఎగుమతి ఆర్డర్లు చేతిలో ఉంటే, ఆ మేరకే తీసుకోండి; వచ్చే డాలర్లతోనే అప్పు తీరిపోతుంది. బ్యాంకులో పీసీఎఫ్‌సీ (సరుకు ఓడెక్కకముందే విదేశీ కరెన్సీలో ఇచ్చే ఎగుమతి అప్పు) అని అడగండి. ఇక్కడే రూపాయల్లో అమ్ముకునే సరుకుకి మాత్రం వద్దే వద్దు.

2013 చూడండి. తాము చేస్తున్న బాండ్ల కొనుగోళ్లు తగ్గించే అవకాశం ఉందని మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ ఒక మాటన్నాడు, అంతే. అమెరికాలోనే వడ్డీ పెరుగుతుందని విదేశీ ఫండ్లు మన బాండ్లు అమ్మేసి డాలర్లు కొనుక్కుని దారి పట్టాయి. 55 చిల్లర ఉన్న డాలరు ఆగస్టు 28కి 68 దాటింది. లక్ష డాలర్ల అప్పుంటే 55 లక్షల అసలు 68 లక్షలైపోయినట్టే, వడ్డీ వేరే. ఇందులో మన తోతాపురి చేసిన తప్పేముంది చెప్పండి!

కంటైనర్ డబ్బులు ఎప్పుడొస్తాయో చూసుకుని దానికి తగ్గట్టే గడువు పెట్టించుకోండి. అప్పు తీరగా మిగిలే డాలర్లకు ఫార్వర్డ్ కాంట్రాక్టు (ముందు తేదీకి డాలరు రేటు ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం) చేసుకోండి.