పలాస జీడిపరిశ్రమలో డిగ్రీ పిల్లల చేత ప్రాజెక్టు ఎలా చేయించాలి?

డిగ్రీలో భాగంగా జనం మధ్యకెళ్లి చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలూ పిల్లలు ఫొటోలు దిగడంతోనే సరిపెడుతున్నారు, ఏం చేయాలని అడిగారు. చిక్కంతా మనం ఇచ్చే సర్వే ఫారంలోనే ఉంది. 40 ప్రశ్నలు చేతిలో పెడితే చెట్టుకింద కూర్చుని నింపేస్తారు.

మొదటిరోజు ఫారం లేకుండా పంపండి. గింజ ఉడకబెట్టడం, కోత, డ్రయ్యర్, పొట్టు తీయడం, గ్రేడింగ్ వరుసగా చూసి, ప్రశ్నలు వాళ్లే రాసుకురావాలి. జట్టుకు నలుగురు చాలు. ఎనిమిదిమందైతే ఇద్దరు పనిచేస్తారు, మిగతావాళ్లు టీ తాగుతారు.

అసలు చదువు గ్రేడింగ్ బల్ల దగ్గరుంది. డబ్ల్యూ-320 గ్రేడు అంటే పౌనుకు 300 నుంచి 320 గుండుపప్పులు, అంటే విరగని పప్పులు. ఒక పౌను, అంటే 454 గ్రాములు తూచి లెక్కపెట్టమనండి. డబ్బా పైనుంచే గుప్పెడు తీస్తే లెక్క తప్పుతుంది, ముక్కలూ చిన్న పప్పూ కిందకు జారిపోతాయి కాబట్టి. పైన, మధ్యన, అడుగున మూడుచోట్ల తీసి కలిపి తూచాలి. శాంప్లింగ్ (నమూనా తీయడం) పాఠం బోర్డు మీదకన్నా ఇక్కడే బుర్రకెక్కుతుంది. కెమిస్ట్రీ వాళ్లకైతే పెంకు నూనె చేతులెందుకు కాలుస్తుందన్నదే మంచి ప్రశ్న, జవాబు ఆ నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం దగ్గర మొదలవుతుంది.

కూలి సంగతి యజమాని ఎదుట అడగనివ్వకండి, నిజం రాదు. సాయంత్రం ఇళ్ల దగ్గర అడగాలి, పేర్లు రాయకూడదు.

మార్కులు లావుపాటి రిపోర్టుకు కాదు, రోజువారీ డైరీకీ వైవాకీ వేయండి. డైరీ ఏరోజుకారోజు సంతకం పెట్టకపోతే ఆఖరి రాత్రే మొత్తం రాసేస్తారు.