చమురు కంపెనీ షేర్లున్నాయి, విలీనం అంటున్నారు, అమ్మేయాలా? – కెయిర్న్ ఇండియా నాటి నా అనుభవం

మీరు అడిగింది ఇది: "నా దగ్గర ఒక చమురు కంపెనీ షేర్లు నూటయాభై ఉన్నాయి. దాన్ని ప్రమోటర్ల (కంపెనీని చేతిలో పెట్టుకున్న ప్రధాన యజమానుల) గ్రూపులోనే ఉన్న ఇంకో కంపెనీలో కలిపేస్తామని బోర్డు ప్రకటించింది. ఇప్పుడే అమ్మేయాలా, ఆగాలా? ఓటు వేయమని మెయిల్ కూడా వచ్చింది. మనలాంటివాళ్ళ ఓటుకి విలువేమైనా ఉంటుందా?"

కంపెనీ పేరు మీరు చెప్పలేదు కాబట్టి అమ్మండనో ఉంచుకోండనో నేను చెప్పలేను. పేరు చెప్పినా చెప్పేవాణ్ణి కాదనుకోండి. కానీ ఇలాంటి విలీనాన్నే ఒకదాన్ని, ప్రకటించిన రోజు నుంచి చివరి రూపాయి నా ఖాతాలో పడేదాకా, మూడేళ్ళకి పైగా వెంటబడి చూశాను. అది చమురు తీసే కెయిర్న్ ఇండియా, లోహాల కంపెనీ వేదాంతల విలీనం. అందులో నేను చేసిన తప్పులు చెబితే మీకు కాస్త పనికొస్తాయేమో.

మాది అమలాపురం వైపు. చిన్నప్పుడు కాదుగానీ, ఉద్యోగంలో చేరాక ఎస్.యానాం బీచికి వెళ్ళినప్పుడల్లా రవ్వ ప్లాంటు మంట కనబడేది. సముద్రంలో తీసిన చమురు, గ్యాసు అక్కడ ఒడ్డుకొస్తాయి. రవ్వలో అప్పట్లో పెద్ద వాటా ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీది, 40 శాతం. కెయిర్న్‌ది 22.5 శాతమే, కానీ నడిపింది వాళ్ళే. మా ఇంట్లో అది "రవ్వ కంపెనీ". ఆ ముచ్చటతోనే 2013లో 310 రూపాయల చొప్పున 200 షేర్లు కొన్నాను. ఆ కంపెనీకి అసలు డబ్బు వచ్చేది రాజస్థాన్‌లోని బార్మర్ నుంచని నాకు తెలిసింది కొన్నాకే. 2004లో అక్కడ మంగళ క్షేత్రం దొరికింది, 2009 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. ఇంటి పక్క మంట చూసి రాజస్థాన్ ఎడారిలో డబ్బు పెట్టినవాణ్ణి నేనే అయ్యుంటాను.

2014 మొదట్లో అంతా బాగుంది. కంపెనీ షేరుకి 335 రూపాయలు మించకుండా బైబ్యాక్ (తన షేర్లని తనే తిరిగి కొనడం) కూడా నడిపింది. ఆ జులైలో ఫలితాలతో పాటు ఒక సంగతి బయటపడింది. కెయిర్న్ తన దగ్గరున్న నగదులోంచి 125 కోట్ల డాలర్లు వేదాంత గ్రూపు కంపెనీకే అప్పు ఇస్తోందట. మర్నాడు ఒక్కరోజులో షేరు ఆరేడు శాతం పడింది. అప్పటికి కెయిర్న్‌లో సుమారు 60 శాతం వేదాంత గ్రూపుదే, 2011 చివర్లో కొన్నారు. కెయిర్న్ దగ్గర నగదు ఉంది, అప్పు లేదు. గ్రూపు మీదేమో అప్పుల భారం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడెవడికైనా తర్వాత ఏం జరగబోతోందో కాస్తయినా అనుమానం రావాలి. నాకు రాలేదు. నేను ముడిచమురు ధర చూస్తూ కూర్చున్నాను.

2014 జూన్‌లో బ్రెంట్ రకం ముడిచమురు బ్యారెల్ 115 డాలర్ల దగ్గర ఉండేది. 2016 జనవరికి 30 డాలర్ల లోపుకి దిగింది. మధ్యలో, 2015 జూన్ 14న, ఒక ఆదివారం నాడు, విలీనం ప్రకటించారు. ఒక్కో కెయిర్న్ షేరుకి ఒక వేదాంత షేరు, దానితో పాటు పది రూపాయల ముఖవిలువ ఉన్న 7.5 శాతం ప్రిఫరెన్స్ షేరు (ఏడాదికి ఇంత అని స్థిరమైన డివిడెండ్ ఇచ్చి, గడువు తీరాక ముఖవిలువ తిరిగిచ్చే షేరు) ఒకటి.

నా పెద్ద తప్పు ఇక్కడే మొదలైంది, మీరు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఆ ప్రకటన వచ్చాక కూడా నేను పొద్దున్నే లేచి చూసేది చమురు ధరే. చమురు పడితే "అయ్యో" అనుకోవడం, లేస్తే "హమ్మయ్య" అనుకోవడం. నిజానికి విలీనం జరుగుతుందని బజారు నమ్మిన మరుక్షణం నుంచీ నా షేరు ధరకి కళ్ళెం వేదాంత షేరు చేతిలోకి పోయింది. ఒకటికి ఒకటి ఇస్తామన్నాక, వేదాంత ధరకి పది రూపాయలు కలిపితే వచ్చేదే నాకు చివరికి దక్కేది. అప్పట్లో వేదాంత అంటే జింకు, అల్యూమినియం, రాగి, ఇనుప ఖనిజం. నేను చూడాల్సింది లోహాల ధరలు, ఆ కంపెనీ అప్పులు. అవేవీ ఒక్కసారి కూడా చూడలేదు.

2016 జనవరిలో చమురూ పడింది, లోహాలూ పడ్డాయి. వేదాంత వంద లోపుకి పోయింది. ఒకరోజు మా ఆవిడ "ఇంక ఆ ఫోను పక్కన పెట్టండి, బీపీ వస్తుంది" అంది. ఆ టెన్షన్ భరించలేక 200లో 100 షేర్లు 120 చిల్లరకి అమ్మేశాను. 310కి కొన్నవి. ఎందుకు అమ్మావంటే ఇప్పటికీ సరైన కారణం చెప్పలేను. విలీనం షరతులు నచ్చకనా? కాదు. చమురు మీద నమ్మకం పోయా? అదీ కాదు. భయమేసింది, అంతే.

మిగతా వంద బద్ధకం వల్ల మిగిలాయి.

ఇంతలో షరతులు చాలా మందికి నచ్చలేదు. నగదున్న కంపెనీని తీసుకెళ్ళి అప్పులున్న కంపెనీలో కలపడం ఎవరికి లాభం అని అప్పట్లో పత్రికల్లో బాగానే చర్చ జరిగింది. ఎల్‌ఐసీ దగ్గర 9 శాతం ఉండేది. పాత యజమాని, బ్రిటన్ కెయిర్న్ దగ్గర 9.8 శాతం ఉండేది. (ఆ వాటాని పాత లావాదేవీ మీద పన్ను వివాదంలో ఆదాయపు పన్ను శాఖ జప్తు చేసి ఉంచింది, అది వేరే రామాయణం.) ఏడాది గడిచింది. 2016 జులై 22న షరతులు మార్చారు. ఒక వేదాంత షేరుతో పాటు ఇప్పుడు నాలుగు ప్రిఫరెన్స్ షేర్లు. అంటే పది రూపాయలు కాస్తా నలభై అయ్యాయి.

షేరుకి ముప్పై రూపాయలు పెరగడం నా వంద షేర్లకి మూడు వేలు. పెద్ద సొమ్మేం కాదు. కానీ మొదటి ప్రకటనలో చెప్పిన నిష్పత్తి శిలాశాసనం కాదని నాకు అప్పుడు తెలిసింది. పెద్ద వాటాదారులు మొహం చిట్లిస్తే ప్రమోటర్లు మళ్ళీ లెక్క వేసుకుంటారు.

ఓటు గురించి అడిగారు కదా. విలీనం మీద ఓటు వేసినవాళ్ళలో, వాళ్ళ షేర్ల విలువ పరంగా నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి. ప్రమోటర్ల దగ్గరే 60 శాతం ఉంటే ఆ గీత దాటడం వాళ్ళకి పెద్ద కష్టం కాదు. అందుకే 2013 నుంచి షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఇంకో కంచె వేసింది. గ్రూపు కంపెనీతో కలిపే ఇలాంటి విలీనాల్లో ప్రమోటర్లు కాని వాటాదారుల ఓట్లు విడిగా లెక్కపెడతారు, అందులో అవునన్నవి కాదన్నవాటి కన్నా ఎక్కువ ఉండాలి. ఆ లెక్కలో ప్రమోటరు ఓటుకి విలువ సున్నా. లెక్కపెట్టేది వేసిన ఓట్లనే, వేయనివాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఎల్‌ఐసీ ముందు నా వంద ఓట్లు సముద్రంలో కాకిరెట్టే, నిజమే. అయినా మీ ఓటు పడేది ఆ చిన్న గిన్నెలో, కాబట్టి వేయండి.

నేను వేయలేదు. వేద్దామనే అనుకున్నాను. కాకినాడకి ఇల్లు మారాక డీమ్యాట్‌లో (షేర్లుండే ఖాతాలో) అడ్రసు మార్చలేదు, ఈమెయిల్ అసలు ఇవ్వనే లేదు. ఓటింగ్ పాస్‌వర్డ్ ఉన్న కవరు అమలాపురంలో పాత ఇంటికి వెళ్ళింది. అక్కడ అద్దెకున్నవాళ్ళు దాన్ని జాగ్రత్తగా టీవీ మీద పెట్టి, వినాయక చవితికి నేను వెళ్తే ఇస్తామనుకున్నారు. ఆ ఏడు చవితికి నేను వెళ్ళలేదు. సెప్టెంబరు 12న కెయిర్న్ వాటాదారుల సమావేశం జరిగి తీర్మానం నెగ్గింది. కవరు నాకు దసరాకి దొరికింది.

ఓటు అయ్యాక కూడా పని అయిపోయిందనుకోకండి. జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతి 2017 మార్చిలో వచ్చింది. ఏప్రిల్ 11న విలీనం అమల్లోకి వచ్చింది, రికార్డు డేట్ (ఆ రోజుకి పాత షేర్లు ఎవరి దగ్గరుంటే వాళ్ళకే కొత్తవి) ఏప్రిల్ 27. ప్రకటించిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు ఇరవై రెండు నెలలు. ఈ మధ్యకాలంలోనే చిన్న మదుపరికి ఒక లెక్క పనికొస్తుంది. వేదాంత 170 ఉందనుకోండి. దానికి నలభై కలిపితే 210. కెయిర్న్ 200కి దొరుకుతోందంటే ఆ పది రూపాయల తేడా విలీనం ఆలస్యమవుతుందేమో, ఆగిపోతుందేమో అన్న అనుమానానికి బజారు కడుతున్న వెల. తేడా తగ్గుతూ వస్తే అనుమానం తగ్గుతున్నట్టు. ఉన్నట్టుండి పెరిగితే ఏదో కబురు వచ్చినట్టు. రెండో సగంలో నేను నేర్చుకున్న పని ఇదొక్కటే, రోజూ రాత్రి కాయితం మీద ఈ మూడు అంకెలు రాసుకునేవాణ్ణి. చమురు ధర చూడటం మానేశాక నిద్ర కూడా బాగా పట్టింది.

రికార్డు డేట్ దగ్గర ఇంకో సంగతి. పాత షేర్ల ట్రేడింగ్ ఆగిపోయాక కొత్తవి అమ్ముకోవడానికి వీలయ్యేదాకా కొన్ని రోజులు చేతులు కట్టేసినట్టుంటుంది. ఆ రోజుల్లో బజారు పడినా చూస్తూ కూర్చోవాల్సిందే. పిల్ల ఫీజు కట్టాలి, ఈ నెలలోనే డబ్బు కావాలి అనుకుంటే ముందే అమ్ముకోండి.

నా వంద కెయిర్న్ షేర్లకి వంద వేదాంత షేర్లు, నాలుగు వందల ప్రిఫరెన్స్ షేర్లు వచ్చాయి. ప్రిఫరెన్స్ షేర్ల గడువు పద్ధెనిమిది నెలలు, ఏడాదికి షేరుకి 75 పైసల డివిడెండ్. 2018 అక్టోబరులో అసలు నాలుగు వేలూ ఖాతాలో పడ్డాయి. ఇవి షేరు అన్న పేరున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివి, ధర పెరుగుతుందని ఎదురుచూడొద్దు. డిపాజిట్‌కి ఉండే బీమా మాత్రం వీటికి ఉండదు, కంపెనీ కట్టగలగాలి.

వేదాంత షేర్లు అలాగే ఉంచాను. 2020లో అదే ప్రమోటర్లు వేదాంతని స్టాక్ ఎక్స్ఛేంజీల నుంచి తీసేద్దామని షేరుకి 87.25 రూపాయలు కనీస ధరగా చెప్పి ప్రయత్నించారు. ఎల్‌ఐసీ ఏకంగా 320 అడిగింది. సరిపడా షేర్లు రాక ఆ ప్రయత్నం వీగిపోయింది. ఈసారి నా ఈమెయిలూ, అడ్రసూ సరిగ్గానే ఉన్నాయి. ఆఫర్ కాగితాలు చదివి, నా షేర్లు ఇవ్వనని గట్టిగా నిర్ణయించుకుని ఇవ్వలేదు. తర్వాత 2022-23లో షేరుకి మొత్తం 101.50 రూపాయల డివిడెండ్ వచ్చింది. నా తెలివని చెప్పుకోను, అమ్మేసిన ఆ వంద గుర్తొస్తే తెలివన్న మాట నోటికి రాదు.

మీ విషయానికొస్తే, ఈ వారం మూడు పనులు చెయ్యండి. నిష్పత్తి తీసుకుని పైన చెప్పిన లెక్క వేయండి. రెండో కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పు ఎంతుందో చూడండి, ఎందుకంటే రేపటి నుంచి మీరు దాని వాటాదారు. ఓటు గడువు ఎప్పుడో చూసుకుని ఆ మెయిల్‌లోని లింకు నుంచే వేసేయండి.

మొదట కొన్నప్పటి కాంట్రాక్ట్ నోట్ (బ్రోకరు ఇచ్చే కొనుగోలు కాగితం) పన్ను లెక్కకి కావాలి, పారేయకండి. విలీనంలో షేరుకి షేరు రావడం అమ్మకం కింద లెక్కకి రాదు, పాత షేరు కొన్న తేదీ నుంచే కాలం లెక్కిస్తారు. మధ్యలో ప్రిఫరెన్స్ షేర్లు కూడా ఉంటే కొన్న ధరని విడగొట్టాల్సి వస్తుంది. మా సీఏ గారు 2013 నాటి నోట్ తెమ్మంటే, ఇల్లంతా వెతికితే అది పాత కరెంటు బిల్లుల కట్టలో దొరికింది.