నీ కుక్క ఎవరి పని మీద ఉంది?

చిరంజీవి అమ్మాయికి, దీవెనలు.

నీ కథ కోట గుమ్మం దాకా బాగానే నడిచింది. అక్కడ ఆ నరకపు కుక్క దూకింది. ఎర్రటి కళ్లు, నోట్లోంచి మంటలు, మూడు కత్తివేట్లకు చావు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటలోని హెల్ హౌండ్‌ను ఉన్నపళంగా పట్టుకొచ్చావు. ఆటలో తప్పులేదు. పాచిక వేశాక కుక్క నిప్పు కక్కడం, మనం తప్పించుకోవడం, అక్కడికదే చాలు. కథ చదివేవాడు మాత్రం అడుగుతాడు: ఇది ఎవరి కుక్క? ఇక్కడెందుకుంది?

పాతవాళ్లు ముందు దీనికే జవాబు చూసుకున్నారు. చచ్చినవాళ్ల లోకం గుమ్మం కాసే గ్రీకుల కుక్క కెర్బెరోస్‌కు ప్రాచీన కవి హీసియడ్ 50 తలలన్నాడు, తర్వాతివాళ్లు మూడింటితో సరిపెట్టుకున్నారు. తలలు తగ్గినా ఉద్యోగం పోలేదు. లోపలికొచ్చేవాళ్లకు తోక ఊపుతుంది, బయటికి పోబోయేవాళ్లను మింగుతుంది. నువ్వు పేరా నిండా రాసిన కోరలకంటే నాకు ఆ తోక ఊపడమే భయం. 2020లో వచ్చిన హేడీస్ గేమ్ నువ్వూ ఆడే ఉంటావు. అందులో ఆ కుక్కతో పోరాటం లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ నిమరొచ్చు, పారిపోయేటప్పుడు మాత్రం తిండిమూట తెచ్చి పెడితేగాని దారి వదలదు. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో సిబిల్ అనే జోస్యురాలు ఆ కుక్కకు మత్తుమందు కలిపిన తేనె ముద్ద విసిరిన ఉపాయం లాంటిదే.

మన దగ్గరికొస్తే, ఋగ్వేదం పదో మండలం 14వ సూక్తం చూడు. యముడి కుక్కలు రెండు, ఒక్కోదానికి నాలుగేసి కళ్లు, దేవతల ఆడకుక్క సరమ బిడ్డలు. ఒక మంత్రం చనిపోయినవాడితో ఆ కుక్కల్ని దాటి పరుగెత్తమంటుంది. వెంటనే వచ్చే మంత్రం, దారి కాచే ఆ కుక్కలకే ఇతన్ని అప్పగించమని యముణ్ని వేడుకుంటుంది. రెండిటికీ పొసగదని ఎవరూ ఒకదాన్ని కొట్టేయలేదు. నువ్వూ కొట్టేయకు. దేన్ని చూసి పారిపోతామో దాని అండే కావలసి రావడం, అక్కడే నీకు పెద్ద కథ ఉంది.

ఇక సరమ. నన్నయ భారతం చదివినవాళ్లకు ఆమెను వేరే పరిచయం చేయక్కర్లేదు. జనమేజయుడి యాగం దగ్గరికి వెళ్లిన ఆమె బిడ్డను రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును వెంటబెట్టుకుని ఆ తల్లి నేరుగా రాజు దగ్గరికి వెళ్లింది. కరవలేదు, మొరగలేదు. నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. కారణం కనిపించని భయం మిమ్మల్ని పట్టుకుంటుందని చెప్పి వెళ్లిపోయింది. అంత పెద్ద రాజు హడలిపోయి, శాంతి చేయించడానికి పురోహితుణ్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. ఆ కుక్కకు ఒంటిమీద ఒక్క వింత గుర్తు లేదు చూడు. న్యాయం దాని వైపుంది, అంతే.

ఇదంతా చెప్పానని నీ కోటలోకి సరమను తోలుకురావద్దు. కథ ఇంగ్లండ్‌లో పెట్టావు, చదువుకుంటున్నదీ అక్కడే. ఆ నేల కుక్కలే నీకు కావాలి. 1577 ఆగస్టు 4న సఫోక్‌లోని బంగే చర్చిలో ప్రార్థన జరుగుతుండగా పెనుగాలి, ఉరుములు, ఆ మెరుపుల మధ్య నల్లకుక్క వచ్చి ఇద్దర్ని చంపిందని ఏబ్రహం ఫ్లెమింగ్ చిన్న పుస్తకం అచ్చువేశాడు. అదే రోజు బ్లైత్‌బర్గ్ చర్చిలోనూ అది కనిపించిందట. పిడుగు పడి ఉంటుందని నువ్వూ నేనూ అనుకుంటాం. ఆ ఊళ్లు తర్వాత దాన్ని బ్లాక్ షక్ అనే దయ్యపు కుక్కగా చెప్పుకున్నాయి. బ్లైత్‌బర్గ్ తలుపు మీద కాలిన మచ్చల్ని ఇప్పటికీ దాని గోళ్లవే అంటారు.

వేల్స్ కథల్లో ఇంకో రకం ఉంది, కూన్ అన్నూన్, అంటే పరలోకపు వేటకుక్కలు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి చెవులు. అవి దగ్గరయ్యేకొద్దీ అరుపు సన్నగిల్లుతుందట. నీ గుమ్మం సీను రాత్రిపూట కదా, ఈ ఒక్క నియమం పెట్టుకుని తిరగరాసి చూడు, మంటల అవసరమే ఉండదు.

సెలవుల్లో బ్లైత్‌బర్గ్ వెళ్లు. తలుపు మీది మచ్చలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో, నీ నడుం దాకానా, భుజం దాకానా, నిలబడి చూసి రాసుకో. రెండో అధ్యాయం ఆ తర్వాతే పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దమ్మ