384 మంది సరే, మీ ప్రశ్న ఏమిటి?

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఆన్‌లైన్ పాఠాల వల్ల డిగ్రీ విద్యార్థుల చదువు మెరుగుపడిందా అన్నది నా అంశం. 384 మందితో గూగుల్ ఫామ్ నింపిస్తే చాలని సీనియర్లు అంటున్నారు. గైడ్ మాత్రం ‘ఈ పద్ధతే ఎందుకు?’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ గైడ్ అడగాల్సిందే అడిగారు. ‘మెరుగుపడిందా’ అన్నారంటే మీకు కావలసింది మార్పు. ఒక్కసారి ఫామ్ నింపిస్తే విద్యార్థుల అభిప్రాయం తెలుస్తుంది కానీ మార్పు తెలియదు. దానికి పాఠాలకు ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టాలి. ఆ పాఠాలు వినని మరో బృందానికీ అవే పరీక్షలు పెట్టాలి. లేకపోతే మార్కులు పెరిగినా అది పాఠాల వల్లేనని చెప్పలేరు. అంత వీలు లేదంటే ప్రశ్ననే ‘విద్యార్థులు ఏమనుకుంటున్నారు’ అని మార్చుకోండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. చేయలేని పెద్ద ప్రశ్న కన్నా అదే నయం.

ఇక 384 సంగతి. పెద్ద జనాభాలో ఒక శాతాన్ని 95% విశ్వాస స్థాయితో (అంటే వందసార్లు సర్వే చేస్తే దాదాపు 95 సార్లు సరిపోయేలా), 5% అటూఇటూగా అంచనా వేయడానికి వచ్చే లెక్క అది. మనుషుల్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే చెల్లుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిప్పితే చెల్లదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తారని అది చెప్పింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వే. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచే ఎక్కువ చిరునామాలు తీసుకోవడం, ఆసక్తి ఉన్నవాళ్లే జవాబివ్వడం దాన్ని దెబ్బతీశాయి.

ఫామ్‌లోని ప్రశ్నల్ని కూడా ఒక్కొక్కటిగా పట్టి చూడండి. ‘పాఠాలు సులభంగా, ఉపయోగకరంగా ఉన్నాయా?’ అని అడిగారనుకోండి. సులభమే కానీ పనికిరాలేదనుకునే విద్యార్థి ఏది టిక్ చేయాలి? అది రెండు ప్రశ్నలు కావాలి. ప్రశ్నావళి నిలకడను చూసే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే కొలత 0.7 దాటిందని సంబరపడకండి. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది, సరైనదాన్ని కొలుస్తున్నాయని కాదు.

ఒక్క జవాబూ సేకరించకముందే ఫలితాల పట్టికలు ఖాళీ గళ్లతో గీయండి. ఏ గడిలో ఏ అంకె వస్తే మీ ఊహ తప్పవుతుందో పక్కనే రాయండి. ఏ అంకె వచ్చినా మీ ఊహే నెగ్గేలా ఉంటే పద్ధతి మార్చాల్సిందే. ఆ కాగితంతో గైడ్ దగ్గరికి వెళ్లండి. ఆయన సరేనన్నాక, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ముందు కొద్దిమందితో పైలట్ (చిన్న ప్రయోగం) చేయండి.