మోరో కత్తి: పొరలు వెన్ను మీద వెతకాలి

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావగారు పాత సామాన్ల వేలంలో దక్షిణ ఫిలిప్పీన్స్ ముస్లింలైన మోరోల బరోంగ్ కత్తి కొన్నారు. పొరలు పొరలుగా అతికిన అలుగు (కత్తి రేకు) అని అమ్మినాయన చెప్పాడట. చూస్తే అంతా ఒకే బూడిద రంగు. మోసపోయారా?

జవాబు: రంగు చూసి అప్పుడే తేల్చకండి. ఇండోనేషియాలోని జావా బాకులైన క్రిస్‌లలో నికెల్ కలిసిన ఇనుము వల్ల వెండి గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మోరో కత్తుల్లో సాధారణంగా అంత తేడా ఉండదు. మోరోలుండే సులూ దీవుల కమ్మర్లు గట్టి ఉక్కును నడిమికి పెట్టి, ఇరువైపులా మెత్తటి ఇనుము కొలిమిలో అతికేవారు. ఉక్కు వాదరకు పదును, ఇనుము దెబ్బ ఓర్చుకోవడానికి.

బరోంగ్‌కు ఒకవైపే పదును. రెండోవైపు వెన్ను, పిడి దగ్గర బాగా మందం. అక్కడ నూనె తుడిచి భూతద్దంతో చూడమనండి. పొడవునా సన్నగీతలు సాగితే పొరలున్నట్టే. పక్కల మీద మెలికలుండి వెన్ను నున్నగా ఉంటే యాసిడ్‌తో వేసిన బొమ్మని అనుమానించాలి. పొడవు వాటు పగులు అతుకు సరిగా పట్టని చోటు, పాతవాటిలో మామూలే. వాదరకు అడ్డంగా పగిలితే మాత్రం అలాంటిదానికి పూర్తి ధర పెట్టకూడదు.

ఇంకా తేలకపోతే పిడికి దూరంగా రెండంగుళాల మేర పరీక్షించవచ్చు. తుప్పుంటే నూనెలో ముంచిన అతి సన్నని స్టీల్ వూల్ (ఉక్కు పీచు)తో తీయాలి. గ్లవ్స్ వేసుకుని అసిటోన్‌తో రెండుసార్లు తుడవాలి. వేలిముద్ర ఉన్నచోట రంగు పట్టదు, మచ్చలొస్తాయి. గోరువెచ్చని తెల్ల వెనిగర్‌ను దూదితో పది నిమిషాలు తడి ఆరకుండా అద్దుతూ ఉండాలి. ఉక్కు నల్లబడుతుంది, ఇనుము లేతగా మిగులుతుంది. వెంటనే కడిగి, వంటసోడా రాసి, మళ్లీ కడిగి, పూర్తిగా ఆరబెట్టి కుట్టుమిషన్ నూనె పట్టించాలి. తడి మిగిలితే గంటలోనే పసుపు తుప్పు లేస్తుంది. కత్తిని వెనిగర్‌లో ముంచేస్తే పిడికున్న వెండి పొన్ను లోపలికి దిగి అక్కడే తినేస్తుంది. బఫింగ్ చక్రం పెట్టిస్తే ఇక చెప్పేదేముంది, అరిగిన లోహం తిరిగి రాదు.

ప్రశ్న: మన కోనసముద్రం ఉక్కు, ఇదీ ఒకటేనా? (నిజామాబాద్ నుంచి)

జవాబు: కాదు. మన ఉక్కును మూసలో (మూతపెట్టిన మట్టి పాత్రలో) కరిగించేవారు. దాని మీద కనిపించే అలల్లాంటి గీతలు లోహం చల్లారేటప్పుడు, సాగగొట్టేటప్పుడు లోపలే ఏర్పడతాయి. మోరో గీతలు విడి ముక్కల అతుకులు.

ప్రశ్న: మోరోల క్రిస్ కత్తి వయసు ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: అలుగు వంకర్లను బట్టి కాదు, నిటారు క్రిస్‌లూ పాతవి ఉన్నాయి. అలుగు మొదట్లో గంగ్యా అనే అడ్డుముక్క ఉంటుంది. దాని అతుకు గీత తిన్నగా పోతే సాధారణంగా పాతది. చివర ఏటవాలుగా మళ్లితే 19వ శతాబ్దం చివరిది, 20వ శతాబ్దం మొదటిది కావచ్చు. అతుకు లేకుండా గీత మాత్రం చెక్కి ఉంటే ఇంకా తర్వాతిది. పిడి ఏనుగు దంతమైతే ఇండియాకు తెచ్చే ఆలోచన మానుకోండి.