శుభలేఖ మీది క్యూఆర్ కోడ్ కొన్ని ఫోన్లకే ఎందుకు దొరుకుతోంది?

ప్రశ్న: మా అమ్మాయి శుభలేఖలో కల్యాణ మండపం లొకేషన్‌కి క్యూఆర్ కోడ్ పెట్టిస్తున్నాం. మెరూన్ అట్ట మీద బంగారు ఫాయిల్, మధ్యలో వినాయకుడు. శాంపిల్ నా ఫోన్‌లో స్కాన్ అవుతోంది, మావారి పాత ఫోన్‌లో కావడం లేదు. అచ్చుకిచ్చేలోపు ఏం మార్చాలి?

జవాబు: తంటా వినాయకుడితో కాదు, ఫాయిల్‌తో. స్కానర్‌కి రంగులతో పనిలేదు, ముదురు-లేత తేడా చాలు. లేత నేపథ్యం మీద ముదురు గడులుంటాయని దాని లెక్క. మీ కార్డులో అది తిరగబడింది. కొత్త ఫోన్లు చాలావరకు ఇలాంటివీ చదివేస్తాయి, కొన్ని పాత యాప్‌లు ఆ ప్రయత్నమే చేయవు. పైగా ఫాయిల్ మెరుపు. ట్యూబ్‌లైటు కింద కార్డు కాస్త వంచితే చాలు, ఇప్పటిదాకా తెల్లగా ఉన్న గడి నల్లబడుతుంది.

కోడ్‌ని లోపలి క్రీమ్ కాగితం మీదికి మార్చి, ముదురు మెరూన్ సిరాతో వేయించండి. మెరూన్ అట్ట మీదే క్రీమ్ పెట్టె గీసి సర్దుదామంటే ఒప్పుకోకండి, లేత సిరా పలచబడి కింది రంగు బయటపడుతుంది. ఫాయిల్ కావాలంటే చుట్టూ బోర్డర్‌కి వాడుకోవచ్చు, కానీ కోడ్‌కీ బోర్డర్‌కీ మధ్య నాలుగు వైపులా కనీసం 4 గడుల ఖాళీ ఉండాలి. డిజైనర్లు ముందు మింగేసేది ఈ ఖాళీనే.

బొమ్మ ఉంచాలంటే కోడ్ తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ (పాడైన భాగాన్ని సరిచేసుకునే ఏర్పాటు) స్థాయి 'హెచ్' ఎంచుకోండి. సుమారు 30 శాతం డేటా పాడైనా చదవగలదు. అయితే మరకలకూ, మడతలకూ కూడా ఆ 30 శాతమే దిక్కు, కాబట్టి బొమ్మ వెడల్పు కోడ్ వెడల్పులో ఐదో వంతు దాటనివ్వకండి. మూడు మూలల చతురస్రాలను పువ్వులుగా మార్చొద్దు. వాటి నలుపు-తెలుపు చారల 1:1:3:1:1 నిష్పత్తి చూసే స్కానర్ కోడ్‌ని గుర్తుపడుతుంది.

లింకు పొడవు కూడా చూసుకోండి. 'హెచ్'లో 170 అక్షరాల మ్యాప్ లింకుకి 69×69 గడులు కావాలి, 25 మి.మీ. కోడ్‌లో గడి 0.36 మి.మీ.కి పడిపోతుంది. మ్యాప్స్‌లో 'షేర్' నొక్కితే వచ్చే పొట్టి లింకు 44 అక్షరాల్లోపు ఉంటే 37×37 చాలు, గడి 0.68 మి.మీ. ఉంటుంది. ఉచిత సైట్లలో 'డైనమిక్' కోడ్ (ముందు ఆ సైటుకి వెళ్లి, అక్కణ్నుంచి మీ లింకుకి మళ్లించేది) జోలికి పోకండి, ట్రయల్ గడువు ముగిస్తే పెళ్లికి ముందే చచ్చిపోవచ్చు.

స్క్రీన్ మీద పరీక్ష లెక్కలోకి రాదు. అసలు కాగితం మీద అసలు సైజులో ఒక్కటి తీయించి, మీవారి ఫోన్‌తోనే చూడండి. ఇంకొకటి, కార్డు మూలల్లో పసుపు కుంకుమలు అద్దుతారుగా! పలచటి పసుపుతో పేచీ ఉండదు, కుంకుమ మాత్రం కెమెరాకి ముదురు మచ్చే. కోడ్‌ని మూలకి దూరంగా, పేజీ మధ్యలో వేయించండి.